ఫ్యాన్ ఆగితే గుండె దడ: ట్రామా ఒంట్లో ఏం చేస్తుంది, థెరపీతో దాన్ని ఎలా దించుకోవాలి

కరెంటు పోయి ఫ్యాన్ ఆగిందంటే చాలు, నా గుండె దడదడలాడేది. ఉక్కపోత వల్లేమో అనుకున్నాను, వైజాగ్‌లో ఉక్కపోతకి కొదవా? కానీ డిసెంబరులోనూ అంతే. అరచేతులు చల్లబడిపోయేవి, దవడ బిగుసుకుపోయేది, కడుపులో ఎవరో తడిగుడ్డ పిండినట్టు మెలిపెట్టేది. ఇవన్నీ కలిపి మా ఇంట్లో "గ్యాస్" అని తేల్చేశారు. వాము, సోంపు, జీలకర్ర నీళ్లు అన్నీ అయ్యాయి. ఈసీజీ తీశారు, బాగానే ఉంది. ఎండోస్కోపీ కూడా చేశారు, అదీ బాగానే ఉంది. మూడో డాక్టరుగారు రిపోర్టులన్నీ పక్కన పెట్టి "నిద్ర ఎలా పడుతోంది?" అని అడిగితే ఎందుకో ఏడుపొచ్చేసింది. నా కథ అక్కడ మొదలైంది.

అసలు సంగతి 2014 అక్టోబర్ 12న జరిగింది. హుద్‌హుద్ తుఫాను వచ్చిన ఆదివారం. గంటకి 170, 180 కిలోమీటర్ల గాలి అంటే ఏమిటో ఆ రోజు ఊళ్లో ఉన్నవాళ్లకి చెప్పక్కర్లేదు. అప్పుడు మేం పెదవాల్తేరులో ఉండేవాళ్లం. పొద్దున్నుంచి కిటికీ అద్దాలు ఒక్కొక్కటీ పగులుతూ, తలుపుకి అడ్డంగా బీరువా జరిపి కూర్చున్నాం. మధ్యాహ్నానికి ఒక్కసారిగా గాలి ఆగిపోయింది. అది తుఫాను కన్ను, అంటే నడిమధ్య గాలి ఉండని చోటు, అని మాకేం తెలుసు? అయిపోయిందనుకుని నాన్న నీళ్ల ట్యాంకు చూసొస్తానని మేడెక్కారు. అప్పుడు గాలి మళ్లీ వచ్చింది, ఈసారి ఎదురు దిక్కు నుంచి. ఓ రేకు ఎగిరొచ్చి మెట్ల గోడకి కొట్టుకున్న చప్పుడు కింద నాకు వినపడింది. నాన్న కేక గానీ, ఇంకేమీ గానీ వినపడలేదు.

నాన్నకి ఏమీ కాలేదు. మోచెయ్యి గీరుకుంది, అంతే. "ఏమీ కాలేదు" కాబట్టే ఇన్నేళ్లూ ఎవరికీ, నాకూ అనుమానం రాలేదు. గాలి వీస్తే నాకు భయం వెయ్యదు మరి, వెయ్యాల్సింది అదేగా అనుకునేవాణ్ణి. నా ఒంటికి పట్టుకున్నది గాలి కాదు, గాలి ఆగిన నిశ్శబ్దం. ఫ్యాన్ ఆగినప్పుడు వచ్చే నిశ్శబ్దమూ అలాంటిదే.

దీన్నే ట్రామా అంటారు, భయంకరమైన అనుభవం మనసుకీ ఒంటికీ చేసిన గాయం. ఆ సంగతి తెలుసుకోవడానికి నాకు ఏళ్లు పట్టింది. మీకు అంత పట్టకూడదని ఇది రాస్తున్నాను. నేను డాక్టర్ని కాదు. థెరపీ కుర్చీలో అటు కాదు, ఇటు కూర్చున్నవాణ్ణి.

ముందుగా ఒక మాట

చచ్చిపోవాలనిపిస్తున్నా, మిమ్మల్ని మీరు గాయపరుచుకుంటున్నా ఈ వ్యాసం పక్కన పెట్టి 14416కి ఫోన్ చెయ్యండి. అది టెలీ మానస్, 2022 అక్టోబర్‌లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన ఉచిత లైను, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు. ప్రాణం మీదకి వస్తే 108. ఇంట్లో ఎవరైనా కొడుతున్నారంటే 112 గానీ, మహిళలైతే 181 గానీ, పిల్లలైతే 1098 గానీ. దెబ్బలు ఇంకా పడుతూనే ఉంటే దానికి మందు థెరపీ కాదు, ముందు అక్కడి నుంచి బయటపడటం.

ఒంట్లో ఏం జరుగుతుందో ముందు అర్థం చేసుకోండి

ఇది చదువు కోసం కాదు. "నాకు పిచ్చి పడుతోందా" అన్న భయం సగం దీంతోనే తగ్గుతుంది, నాకు తగ్గింది.

మెదడు లోపల రెండు వైపులా బాదం గింజంత భాగం ఒకటి ఉంటుంది, అమిగ్డలా అంటారు, ఆ గ్రీకు మాటకి అర్థమే బాదం. దాని ఉద్యోగం కాపలా. ప్రమాదం అనిపించిందో, మీరు ఆలోచించేలోపే గంట కొట్టేస్తుంది. ఆ కబురు మెదడులోనే ఉన్న హైపోథాలమస్‌కి, అక్కడి నుంచి మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చున్న అడ్రినల్ గ్రంథులకి వెళ్తుంది. రక్తంలోకి అడ్రినలిన్ అనే హార్మోను దిగుతుంది. గుండె పరుగెడుతుంది, కంటిపాపలు పెద్దవవుతాయి, పేగుల దగ్గరున్న రక్తం తొడలకీ భుజాలకీ మళ్లుతుంది. కొన్ని నిమిషాల తర్వాత కార్టిసాల్ అనే ఇంకో హార్మోను వచ్చి, ఈ పరుగుకి కావలసిన చక్కెరని రక్తంలోకి వదిలిస్తుంది. పారిపోవాల్సినప్పుడు అన్నం అరగడం ముఖ్యం కాదు కదా, అందుకే కడుపు పని ఆగిపోతుంది. నా "గ్యాస్" అదే.

కొట్లాటకి దిగడం, పారిపోవడం, ఈ రెండింటి గురించి వాల్టర్ కానన్ అనే అమెరికా శాస్త్రవేత్త వందేళ్ల కిందటే రాశాడు. మూడోది కూడా ఉంది, కొయ్యబారిపోవడం. గొంతు పెగలదు, కాళ్లు కదలవు. లైంగిక దాడికి గురైనవాళ్లని "మరి అరవలేదేం?" అని అడుగుతారు చూడండి, పోలీసులూ అడుగుతారు, సొంత అమ్మా అడుగుతుంది. అరవకూడదని వాళ్లు నిర్ణయించుకోలేదు. ఒళ్లు కొయ్యబారింది. ఆ ప్రశ్న ఇంకెవరినీ అడక్కండి.

మామూలుగా అయితే ప్రమాదం దాటాక ఇదంతా దిగిపోవాలి. ఎక్కడ చిక్కుపడుతుందంటే, జ్ఞాపకానికి తేదీ, చోటు తగిలించే హిప్పోక్యాంపస్ అనే భాగం, భయం మరీ ఎక్కువైనప్పుడు సరిగ్గా పని చెయ్యదు. అప్పుడు ఆ జ్ఞాపకం తపాలా ముద్ర పడని ఉత్తరంలా మిగిలిపోతుంది. ఎప్పటిదో తెలీదు కాబట్టి, ఎప్పుడు చేతికొచ్చినా ఇవాళ్టిదే అనిపిస్తుంది. "అది అయిపోయిందిగా, ఇంకా ఎందుకు?" అని అడిగేవాళ్లకి ఇదే జవాబు. అయిపోయిందని మనకి తెలుసు. అమిగ్డలాకి తెలీదు.

పైగా అది పట్టుకునే గుర్తు మీరు ఊహించినదే అయ్యుండాలని లేదు. 2020 మే 7 తెల్లవారుజామున వైజాగ్ ఆర్.ఆర్. వెంకటాపురంలో ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ గ్యాస్ లీకైనప్పుడు చీకట్లో పరుగెత్తిన కుటుంబంలోని అబ్బాయి ఒకడు నాకు తెలుసు. వాడికి రాత్రి భయం లేదు, ఫ్యాక్టరీ ముందు నుంచి బైక్ మీద వెళ్లిపోతాడు కూడా. పక్కింట్లో పెయింటు వేస్తే మాత్రం ఊపిరాడదు. చూపు, చప్పుడు లాంటివి మెదడులో థాలమస్ అనే జంక్షన్ మీదుగా వెళ్లాలి. వాసనకి ఆ చుట్టు తిరుగుడు లేదు, నేరుగా అమిగ్డలాకి దారుంది. అందుకే వాసన తెచ్చే భయం అంత ఠక్కున వస్తుంది.

ఇలా ఏళ్ల తరబడి ఒళ్లు కాపలా కాస్తూ ఉంటే మెడ పట్టేస్తుంది, పళ్లు నూరుకుని అరిగిపోతాయి, నిద్ర కుక్క నిద్ర అవుతుంది, చిన్న చప్పుడుకి ఉలిక్కిపడతారు, కొందరికి కోపం, కొందరికి ఏదీ అంటనట్టు మొద్దుబారిపోవడం. చిన్నప్పటి దెబ్బలైతే ఇంకా లోతుకి వెళ్తాయి. ఫెలిట్టి, అండా అనే ఇద్దరు డాక్టర్లు అమెరికాలో 17,000 మందికి పైగా పెద్దవాళ్లని అడిగి చేసిన అధ్యయనం మొదటి ఫలితాలు 1998లో వచ్చాయి. చిన్నప్పుడు ఇంట్లో కష్టాలు ఎన్ని ఎక్కువ పడితే, పెద్దయ్యాక గుండె జబ్బు దాకా అన్నిటి రిస్కూ అంత ఎక్కువని అందులో తేలింది. రిస్క్ అంటే రాసిపెట్టి ఉందని కాదు, గాభరా పడకండి.

మొదటి పని: ఒంటి జబ్బు కాదని తేల్చుకోండి, ఒక నోట్‌బుక్ కొనండి

దడ, వణుకు, చెమట థైరాయిడ్ ఎక్కువైనా వస్తాయి, రక్తం తక్కువైనా వస్తాయి, గుండె లయ తప్పినా వస్తాయి. అందుకని అన్నీ ట్రామా ఖాతాలో రాసెయ్యకండి. మామూలు ఫిజీషియన్ దగ్గరికెళ్లి థైరాయిడ్, హీమోగ్లోబిన్, షుగరు, బీపీ, ఈసీజీ చూపించుకోండి. అన్నీ బాగున్నాక కూడా స్కాన్ మీద స్కాన్ తీయించుకుంటూ పోకండి, నేను పోయాను, డబ్బులు దండగ.

ఆ పక్కనే నోట్‌బుక్ మొదలుపెట్టండి. ఫోన్‌లో కాదు, ఫోన్ తీస్తే ఇంకేదో చూస్తూ కూర్చుంటాం. ప్రతిసారీ నాలుగే ముక్కలు: ఎప్పుడు, దానికి సరిగ్గా ముందు ఏం జరిగింది, ఒంట్లో ఎక్కడ మొదలైంది, ఎంతసేపుంది. నా నోట్‌బుక్‌లో ఒక పేజీ ఇలా ఉంటుంది: "మంగళవారం, రాత్రి 9:40. కరెంటు పోయింది. దవడ, తర్వాత కడుపు. 25 నిమిషాలు. ముందు ఏమీ లేదు, అమ్మ సీరియల్ చప్పుడు ఆగింది." ఇలాంటివి మూడు వారాలవి చదివి మా థెరపిస్టుగారు పెన్సిల్‌తో ఒకే ఒక్క మాట కింద గీత గీస్తూ వచ్చారు. ఆగింది. ఆగింది. ఆగింది. లిఫ్ట్ ఆగింది, మిక్సీ ఆగింది, పెళ్లిలో బ్యాండు ఆగింది. నేను రాసినవే, నాకు కనపడలేదు.

పాత కథ అందులో రాయకండి. అది తర్వాత, మనిషి పక్కనుండగా.

సంఘటన జరిగి నెల కాకపోతే

యాక్సిడెంటో, దాడో, చావో ఈమధ్యే జరిగి ఉంటే మొదటి కొన్ని వారాలు పీడకలలు రావడం, ఉలిక్కిపడటం మామూలే. చాలామందికి వాటంతటవే తగ్గుతాయి. పీటీఎస్‌డీ, అంటే ట్రామా తర్వాత తగ్గకుండా ఉండిపోయే మానసిక జబ్బు, అని పేరు పెట్టడానికి డాక్టర్లు కూడా కనీసం నెల ఆగుతారు. ఈ నెలలో చెయ్యాల్సింది వేళకి తినడం, వేళకి పడుకోవడం, ఒంటరిగా ఉండకపోవడం. మందు కొట్టి పడుకోకండి, అది నిద్రని ఇంకా ముక్కలు చేస్తుంది. మెడికల్ షాపులో అడిగి నిద్రమాత్రలు తెచ్చుకోకండి.

ఇంకోటి, పరామర్శకి వచ్చిన ప్రతి ఒక్కరికీ కథ మొదటి నుంచీ చెప్పాల్సిన పని లేదు. "చెప్పు, చెప్తే బరువు తగ్గుద్ది" అని కూర్చోబెట్టి చెప్పించడం మంచిదే అనుకుంటాం. సంఘటన జరిగిన వెంటనే ఒక్క సిట్టింగులో అంతా కక్కించే పద్ధతి పీటీఎస్‌డీని ఆపదని తేలింది, కొందరికి చెరుపు కూడా చేస్తుంది. చెప్పాలనిపిస్తే చెప్పండి, లేదంటే "ఇప్పుడు కాదు పిన్నీ" అనండి.

నెల దాటినా తగ్గకపోతే, లేదా నెల లోపే ఉద్యోగానికి పోలేని, పిల్లల్ని చూసుకోలేని పరిస్థితి ఉంటే, వెళ్లండి.

ఎవరి దగ్గరికి వెళ్లాలి

ఇక్కడే జనం ఎక్కువ తికమక పడతారు. సైకియాట్రిస్టు అంటే ఎంబీబీఎస్ తర్వాత మానసిక వైద్యం చదివిన డాక్టరు, మందులు రాసేది ఆయనే. క్లినికల్ సైకాలజిస్టు థెరపీ చేస్తారు, మందులు రాయరు, రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో రిజిస్టరై ఉండాలి, ఆ నంబరు అడిగితే చెప్తారు, అడగడం తప్పు కాదు. కౌన్సెలర్ అన్న బోర్డు ఎవరైనా పెట్టుకోవచ్చు. మంచివాళ్లున్నారు, వారం రోజుల ఆన్‌లైన్ కోర్సు సర్టిఫికెట్‌ని ఫ్రేము కట్టించుకున్నవాళ్లూ ఉన్నారు.

డబ్బులు కష్టమైతే వైజాగ్ చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. మనూళ్లో దాన్ని ఏమని పిలుస్తారో మీకు తెలుసు, చిన్నప్పుడు మాట వినకపోతే "అక్కడ పడేస్తా" అని బెదిరించేవాళ్లు. ఓపీ లైన్లో నా ముందు నిల్చున్నది బ్యాంకు ట్యాగు మెళ్లో వేసుకున్న ఒకావిడ, వెనక పరీక్షలు దగ్గరపడి నిద్రపట్టని కాలేజీ కుర్రాడు. పొద్దున్నే వెళ్లండి, లైను పెద్దదే. ఏ సదుపాయం ఎక్కడుందో తెలీకపోతే 14416 వాళ్లనే అడగొచ్చు.

మొదటి సెషన్లోనే, లేదా ఫోన్లోనే, ఇవి అడగండి: ట్రామాకి మీరు ఏ పద్ధతి వాడతారు, దాదాపు ఎన్ని సెషన్లు, మధ్యలో నేను తట్టుకోలేకపోతే ఏం చేస్తారు. సూటిగా జవాబు వస్తే మంచి గుర్తు. "ఒక్క సిట్టింగులో పోగొడతా", "మీ పూర్వజన్మలో" అంటే లేచి వచ్చెయ్యండి. మొదటి రోజే అంతా పూసగుచ్చినట్టు చెప్పమని ఒత్తిడి పెట్టేవాళ్లూ వద్దు. నేను వెళ్లిన మొదటి చోట, పేరెందుకులెండి, అరగంట విని "మీరు పాజిటివ్‌గా ఆలోచించడం లేదు" అన్నారు. ఇంటికొచ్చి ఆర్నెల్లు ఇంకెక్కడికీ వెళ్లలేదు. ఆ ఆర్నెల్లు నష్టం. ఒకరు కుదరకపోతే ఇంకొకరిని చూడాలి, టైలర్ని మార్చినట్టే.

మీరు చెప్పింది బయటికి పొక్కుతుందన్న భయం ఉంటే, 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం ఆ గోప్యత మీ హక్కు. ప్రాణాపాయం లాంటి కొన్ని సందర్భాలే మినహాయింపు. అదే చట్టం ఒంటి జబ్బులతో సమానంగా మానసిక జబ్బులకీ ఇన్సూరెన్స్ ఇవ్వాలంటుంది. మీ పాలసీలో ఓపీ ఉందో, అడ్మిషన్ మాత్రమేనో చూసుకోండి.

గదిలో ఏం జరుగుతుంది

సినిమాల్లోలా సోఫా మీద పడుకోబెట్టరు. ప్లాస్టిక్ కుర్చీ, టేబుల్ మీద టిష్యూ డబ్బా. మొదటి రెండు మూడు సెషన్లు నా చరిత్ర, నిద్ర, ఇల్లు, నోట్‌బుక్, ఊపిరి ఎలా నెమ్మది చేసుకోవాలో నేర్పడం, ఇంతే. విసుగొచ్చింది కూడా.

బాగా పరీక్షకి నిలిచిన పద్ధతులు మూడు నాలుగున్నాయి. ప్రొలాంగ్డ్ ఎక్స్‌పోజర్, ఎడ్నా ఫోవా రూపొందించింది, సాధారణంగా 8 నుంచి 15 సెషన్లు: ఆ జ్ఞాపకాన్ని భద్రమైన చోట పదే పదే చెప్పడం, తప్పించుకు తిరుగుతున్న వాటి దగ్గరికి మెల్లగా వెళ్లడం. కాగ్నిటివ్ ప్రాసెసింగ్ థెరపీ, ప్యాట్రిషియా రెసిక్ మొదలుపెట్టింది, 12 సెషన్లు: సంఘటన తర్వాత మనసులో పాతుకుపోయిన మాటల్ని, "నా తప్పే", "ఎవర్నీ నమ్మకూడదు" లాంటివాటిని, కాగితం మీద పెట్టి కోర్టులో అడ్డసవాళ్లు వేసినట్టు విచారించడం. ఈఎండీఆర్, 1987లో ఫ్రాన్సిన్ షపీరో కనిపెట్టింది: జ్ఞాపకాన్ని మనసులో పెట్టుకుని థెరపిస్టు వేలినో, లైటునో కళ్లతో అటూ ఇటూ అనుసరించడం. చూడ్డానికి మంత్రంలా ఉంటుంది గానీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో ఇచ్చిన సూచనల్లో ఇదీ, ట్రామా మీద పెట్టిన సీబీటీ (ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చే థెరపీ) కూడా ఉన్నాయి. కళ్ల కదలికే పని చేస్తుందా, జ్ఞాపకాన్ని ఎదుర్కోవడమే పని చేస్తుందా అని నిపుణులు ఇంకా వాదించుకుంటున్నారు. మనకెందుకు, తగ్గితే చాలు. ఒంటి కదలికల మీద నడిచే థెరపీలు, యోగా, వీటికి అంత గట్టి ఆధారాలు లేవు, అసలు చికిత్సకి తోడుగా పెట్టుకోండి.

నాకు జరిగింది ఎక్స్‌పోజర్. కళ్లు మూసుకుని ఆ మధ్యాహ్నాన్ని వర్తమానంలో చెప్పమన్నారు. "నాన్న మెట్లెక్కుతున్నారు, హవాయి చెప్పులు టపటపమంటున్నాయి" అన్న చోట నా గొంతు ఆగిపోయింది. ఆ చెప్పుల చప్పుడు నాకు గుర్తుందని అప్పటిదాకా నాకే తెలీదు. భయం 100కి ఎంత అని అడిగారు, 90 అన్నాను. మళ్లీ మొదటి నుంచి. అలా ఆ రోజు నాలుగుసార్లు. దాన్ని ఫోన్లో రికార్డు చేసి రోజూ ఇంట్లో వినమన్నారు. పదిహేను రోజులు పోయాక వింటూ వింటూ నేను టమాటాలు తరిగేస్తున్నానని గమనించాను. భయం పోయిందని కాదు, ఆ కథకి తేదీ పడింది. 2014 అని.

మందుల గురించి రెండు ముక్కలు. సెర్ట్రలిన్, పారోక్సిటిన్ లాంటివి పీటీఎస్‌డీకి వాడతారు, పని మొదలవడానికి కొన్ని వారాలు పడుతుంది, అలవాటు పడిపోయే మందులు కావు గానీ డాక్టర్ని అడక్కుండా ఠక్కున ఆపకూడదు. ఆల్ప్రజోలామ్ లాంటివి అప్పటికి హాయిగా ఉంటాయి, కానీ అలవాటు పడతాం. పీటీఎస్‌డీకి వాటిని సిఫారసు చెయ్యరు. ఇప్పటికే వాడుతుంటే సొంతంగా మానేయకండి, మెల్లగా తగ్గించేది డాక్టరే.

ఇంట్లో చేసుకోవాల్సింది

దడ వచ్చినప్పుడు పాదాలు నేలకి గట్టిగా ఆనించండి. ముక్కుతో నాలుగు లెక్కపెడుతూ పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలండి. ఊపిరి వదిలేటప్పుడు, మెదడు నుంచి గుండెకి వెళ్లే వేగస్ నరం గుండెని నెమ్మది చేస్తుంది, అందుకే వదలడం పొడుగ్గా ఉండాలి. అందరూ "గట్టిగా పీల్చు, గట్టిగా పీల్చు" అంటారు, అలా చేస్తే తల తిరుగుతుంది. తర్వాత గదిలో కనపడే ఐదు వస్తువుల పేర్లు పైకి చెప్పండి: కుక్కరు, క్యాలెండరు, గొడుగు, చార్జరు, దేవుడి పటం. క్యాలెండరు దగ్గర ఆగి ఇవాళ తేదీ చదవండి. ఇది నా సొంత పైత్యం, కానీ నాకు అన్నిటికన్నా ఇదే బాగా పనిచేసింది.

కళ్లు మూసుకుని ధ్యానం చెయ్యమని అందరూ సలహా ఇస్తారు. ట్రామా ఉన్న కొందరికి కళ్లు మూస్తే ఆ దృశ్యాలే వస్తాయి. రాకపోతే చెయ్యండి, వస్తే కళ్లు తెరిచే ఉంచి సముద్రం వైపు చూస్తూ నడవండి. పొద్దున్నే బీచ్ రోడ్డులో బళ్లు తిరగవు, కాళీమాత గుడి దగ్గర మొదలుపెట్టి మీ ఓపిక ఉన్నంత దూరం.

అసలు పని మెట్లెక్కడం. భయపెట్టేవాటిని తక్కువ నుంచి ఎక్కువకి ఒక నిచ్చెనలా రాసుకుని, కింది మెట్టు నుంచి మొదలుపెట్టాలి. నాదిది: పగలు, పక్కన అమ్మ ఉండగా ఫ్యాన్ రెండు నిమిషాలు ఆపడం. తర్వాత ఒక్కణ్ణే ఐదు నిమిషాలు. తర్వాత రాత్రి. తర్వాత మెయిన్ స్విచ్ దించేసి పావుగంట. ఆఖరిది, కరెంటు లేనప్పుడు మేడెక్కి ట్యాంకు దగ్గర నిలబడటం. దడ సగానికి దిగేదాకా అక్కడే ఉండాలి, ఇదే కీలకం. దడ పైకి వెళ్తుండగా పారిపోతే "చూశావా, నిజంగానే ప్రమాదం" అని అమిగ్డలా ఇంకాస్త గట్టిగా నేర్చుకుంటుంది. ఒక మెట్టు మీద విసుగొచ్చేదాకా రోజూ చెయ్యండి, విసుగొస్తే పై మెట్టు. దాడి, అత్యాచారం, చిన్ననాటి హింస లాంటి వాటికి ఈ నిచ్చెన ఒంటరిగా వేసుకోవద్దు, థెరపిస్టుతోనే. నిజంగా ప్రమాదమున్నవి నిచ్చెనలో ఉండకూడదు కూడా, కొట్టిన మనిషిని మళ్లీ కలవడం మెట్టు కాదు.

ఇంట్లోవాళ్లకి

"మర్చిపో" అనకండి. మర్చిపోవడం చేతనైతే ఎప్పుడో మర్చిపోయేవాళ్లు. "అందరికీ అయింది, మేం బాగానే లేమా" అనకండి. ఒకే తుఫాను, ఒకే ఇల్లు, మా చెల్లికి ఏమీ లేదు, నాకుంది. మనిషి గట్టితనానికీ దీనికీ సంబంధం లేదు.

మా అమ్మ మొదట్లో "ఏటైందిరా, ఏటలా కూచుండిపోయావు?" అంటూ భుజం పట్టి కుదిపేసేది. కొయ్యబారినవాణ్ణి కుదిపితే ఇంకా బిగుసుకుంటాడు. థెరపిస్టుగారు ఒకరోజు అమ్మని కూడా పిలిచి, ఎదురుగా కనపడేలా కూర్చుని, పేరు పెట్టి పిలిచి, ముట్టుకునే ముందు అడగమన్నారు. ఇప్పుడు అమ్మ ఎదురుగా పీట వేసుకుని కూర్చుంటుంది. "కరెంటు పోయిందిరా, అంతే. నేనున్నాను" అని చిక్కుడుకాయలు ఈనెలు తీసుకుంటూ ఉంటుంది. తాయెత్తు కూడా కట్టించింది. దాని గురించి గొడవ పడలేదు, తాయెత్తు చేతికుంటే థెరపీకి అడ్డమేం రాదు. "తాయెత్తు కట్టించాంగా, ఇంక ఆసుపత్రెందుకు" అంటే మాత్రం ఒప్పుకోకండి.

వెనక్కి జారినప్పుడు

ఎక్స్‌పోజర్ మొదలైన రెండు మూడు వారాలు ముందుకన్నా ఘోరంగా ఉండొచ్చు. నాకు పీడకలలు మళ్లీ వచ్చాయి, సెషన్ ఉన్న రోజు సాయంత్రం ఎవరితోనూ మాట్లాడలేకపోయేవాణ్ణి. చాలామంది మానేసేది ఇక్కడే. మానేసే ముందు ఆ మాటే థెరపిస్టుకి చెప్పండి, వేగం తగ్గిస్తారు. సెషన్ రోజు సాయంత్రం ఏ పనీ పెట్టుకోకండి, ముఖ్యంగా ఫంక్షన్లు. ఏడెనిమిది సెషన్ల తర్వాత కూడా నోట్‌బుక్‌లో నిమిషాలు తగ్గకపోతే పద్ధతి మార్చమనో, సైకియాట్రిస్టుకి కూడా చూపించమనో అడగండి.

సంఘటన జరిగిన నెల వచ్చినప్పుడు ఒళ్లు ముందే పసిగడుతుంది. మాకు అక్టోబరంటే బంగాళాఖాతంలో అల్పపీడనం వార్తలు ఎలాగూ తప్పవు. ఆ నెలలో నేను వార్తా చానెళ్లు చూడను, వాతావరణ శాఖ హెచ్చరిక రోజుకి ఒక్కసారి ఫోన్లో చదువుతాను. రేడియో బ్యాటరీలు, కొవ్వొత్తులు, మందులు సిద్ధంగా పెట్టుకుంటాను. జాగ్రత్త వేరు, కాపలా వేరు. థెరపీ అయిపోయాక కూడా అక్టోబరు ముందు ఒక సెషన్ పెట్టుకుంటాను, బండికి సర్వీసింగులాగ.

పోయిన అక్టోబరులో ఒక రాత్రి వానకి కరెంటు పోయింది. నోట్‌బుక్ తీసి చూస్తే ఇలా ఉంది: "8:15. ఫ్యాన్ ఆగింది. దవడ మాత్రమే. 4 నిమిషాలు. నాన్న ట్యాంకు మూత చూడ్డానికి మేడెక్కారు. నేను కింద టీ పెట్టాను, చక్కెర ఎక్కువైంది."